చిన్న కారు – ఇంటి లెక్క

కారు కొనుటను గూర్చి స్త్రీలు వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. బియ్యము, పప్పు, చింతపండు, బట్టలు – వీని బేరములు మనవి. బండ్ల సంగతి మగవారిది అను నభిప్రాయము మన యిండ్లలో నేటికిని పూర్తిగా పోలేదు. కాని కారు ఇంటికి వచ్చిన పిమ్మట దాని ఖర్చు ఎందుండి వచ్చును? పాలవానికిచ్చు పైకము, పిల్లల ఫీజు, పండుగ బట్టలు ఏ పెట్టెనుండి వచ్చునో ఆ పెట్టెనుండియే గదా! ఆ పెట్టె తాళపుచెవి మన కొంగున నున్నంతవరకు కారు లెక్కయు మన లెక్కయే. కావున 2025 వ సంవత్సరమున మా యింట జరిగిన యాలోచననంతయు, మా తప్పులతో కూడ, దాచక వ్రాయుచున్నాము. మాకు తెలిసినది మీకు కొంత యుపకరించిన చాలును.

మాది తెనాలి. మా వారు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదురు. ఇంటిలో మేమిద్దరము, డెబ్బదియారేండ్ల మా అత్తగారు. అమ్మాయి విజయవాడలో ఇంజనీరింగు చదువుచు వసతిగృహమున నున్నది. పదునాలుగేండ్లుగా మా సంసారమంతయు ఒక్క స్కూటరు మీదనే నడచినది. కూరగాయల సంచి, గ్యాసు పొయ్యి, అమ్మాయి పుస్తకములు, ఒకమారు కుట్టుమిషను కూడ దానిమీదనే వచ్చినవి. దానికి మేమెంతయో ఋణపడియున్నాము.

జూలై నెలలో ఒకనాటి సాయంకాలము మా అత్తగారిని కంటి వైద్యునియొద్దకు తీసికొనిపోయి మా వారు తిరిగి వచ్చుచుండగా వాన పట్టుకొన్నది. రోడ్డుపై నిలిచిన నీటిలో గుంత కనబడలేదు. స్కూటరు ఒరిగినది. మా వారికి మోచేయి గీరుకొనిపోయినది. అత్తగారికి కుడిచేతి మణికట్టు ఎముక విరిగినది. ఆరు వారములు కట్టుతో నుండిరి. కట్టు విప్పిన నాడు వైద్యుడు చేయి బాగుగనే యతికినదనెను. అయితే అతుకనిది వేరొకటి కలదు. ఆమె స్కూటరెక్కుట మానిరి. ఆటోలో కుదుపునకు నడుము నొప్పి. క్రమముగా ఎక్కడికిని పోనని కూర్చుండిరి.

మా అత్తగారికి ఒక్కరే చెల్లెలు. మాకు పన్నెండు కిలోమీటర్ల దూరమున, కొల్లిపర దగ్గర యొక పల్లెలో నున్నారు. ఇద్దరికిని భర్తలు లేరు. నెలకొకమారైనను ఒకరినొకరు చూచుకొనుట వారికి ఆచారము. బస్సు దిగిన పిమ్మట కాలువ గట్టు వెంబడి మైలు దూరము నడువవలెను. ఇప్పుడా నడక ఇద్దరివల్లను కాదు. "ఫోనులో మాటాడుచున్నానుగా అమ్మాయీ, చాలులే" అని అత్తగారనుచుండిరి. ఆ 'చాలులే' అను మాట మాకు చాలలేదు.

మా వారు మొదట కారు మాట యెత్తిరి. ఆ వారముననే హైదరాబాదునుండి మా మరిది వచ్చెను. అతనికి మాపై నిజముగా ప్రేమ కలదు. కావుననే తన కారువంటి యెత్తయిన పెద్ద కారునే కొనుమనెను. "వదినా, కొనేది ఒక్కసారి. నలుగురూ చూచి బాగున్నదనవలె. చిన్న డబ్బా కొని పెండ్లిండ్లకు పోతే మన పరువేమిటి?" అనెను. అమ్మాయి చదువునకై బ్యాంకులో వేసిన నాలుగు లక్షల డిపాజిటు కలదని అతనికి తెలియును. దానిని కూడ వాడి, మిగిలినది అప్పు తీసికొండని సలహా యిచ్చెను. మా వారు ఊగిసలాడిరి. మేము మాత్రము ఒక్క మాట చెప్పితిమి: "మూడు నెలలు ఆగుదము. లెక్క వ్రాసి చూతము."

ఆగస్టు మొదటి తేదీనుండి ఒక నోటుపుస్తకము పెట్టితిమి. అందు రెండు పట్టికలు. మొదటిది – మేము పోయిన ప్రయాణములు, వాని ఖర్చు. రెండవది – పోవలసియుండియు పోలేని ప్రయాణములు. ఈ రెండవ పట్టిక పెట్టవలెనను ఊహ మాకు మొదట లేదు. ఒకనాడు అత్తగారి చెల్లెలికి జ్వరమని తెలిసి, ఆ సాయంకాలము పోలేక, ఆ సంగతి ఎచట వ్రాయవలెనో తెలియక పుట వెనుకవైపున వ్రాసితిమి. ఆనాటినుండి ఆ వెనుకవైపు కూడ నిండుచు వచ్చినది.

అక్టోబరు చివర మొదటి పట్టిక కూడితిమి. ఆటోలకు 4,150 రూపాయలు. వైద్యమునకై గుంటూరునకు ఆరుమార్లు బాడుగ కారు, మారునకు 1,800 చొప్పున 10,800. స్కూటరు పెట్రోలు 2,700. మొత్తము 17,650, అనగా నెలకు సుమారు 5,900 రూపాయలు. విజయవాడకు మేము రైలులో పోవుదుము. అరగంట ప్రయాణము, స్వల్పమైన టిక్కెట్టు. దానికి కారు అక్కరలేదు గనుక లెక్కలో చేర్చలేదు.

పిమ్మట చిన్న కారు లెక్క. పన్ను, రిజిస్ట్రేషను, బీమా అన్నియు చేరి సుమారు అయిదున్నర లక్షలగు కారు మా మనసులో నున్నది. చీటీ పాడిన సొమ్మును, మేము దాచుకొన్నదియు కలిపి రెండున్నర లక్షలు ఇచ్చినచో మూడు లక్షలు అప్పు. నూటికి 9 వడ్డీతో అయిదేండ్లకు నెలకు 6,227 రూపాయలు. నెలకు 540 కిలోమీటర్లు తిరుగుదుమనియు, లీటరుకు 18 కిలోమీటర్లు వచ్చుననియు అనుకొన్నచో 30 లీటర్లు, లెక్కకు లీటరు 110 రూపాయలు వేసితిమి, 3,300. బీమా, సర్వీసు, టైర్లకై నెలనెల ప్రక్కకు తీయవలసినది 2,000. అంతయు 11,500 పైన.

సోదరీమణులారా, ఇక్కడ మేము ఆగితిమి. 5,900 ఎక్కడ, 11,500 ఎక్కడ! చిన్న కారు కొన్న పొదుపు అని అందరు చెప్పుదురు. మా పుస్తకము కాదని చెప్పినది. మావంటి తక్కువ వాడుక యింటికి బాడుగ కారే చౌక. పెట్రోలు ఎంత తక్కువ త్రాగినను, కారు ఇంటికి వచ్చుట ఖర్చేగాని ఆదాయము కాదు. "మైలేజి బాగున్నది గనుక మిగులును" అని ఎవరైన చెప్పిన, ఏ లెక్కతో పోల్చి మిగులునో అడుగుడు. పెద్ద కారుతో పోల్చిన మిగులును. అసలు కొనకపోవుటతో పోల్చిన మిగులదు.

ఇంతటితో కారు మాట మానివేయవలసినదే. కాని పుట త్రిప్పి రెండవ పట్టిక చూచితిమి. మూడు నెలలలో పందొమ్మిది వ్రాతలు. చెల్లెలి యింటికి పోలేనివి ఆరు. దేవాలయమునకు, బంధువుల యింటి శుభకార్యములకు అత్తగారు రానన్నవి ఎనిమిది. వైద్యుడు మరల రమ్మన్న దినమున బాడుగ కారు దొరకక వాయిదా పడినవి రెండు. అమ్మాయి సెలవునకు వచ్చినప్పుడు అందరము కలిసి పోదమనుకొని పోలేనివి మూడు. ఈ పట్టికలో రూపాయలు లేవు. మొదటి పట్టిక చౌకగా నుండుటకు కారణము ఈ రెండవ పట్టికయే యని అప్పుడు తెలిసినది. ఒక ముసలమ్మ ఇంట కూర్చుండుట మన లెక్కలో పొదుపుగా కనబడుచున్నది! మా వారు గణితోపాధ్యాయులు. ఆ పుటను చాలసేపు చూచి, "ఇన్నాళ్ళు మనము ఒక ప్రక్కనే కూడుచున్నాము" అనిరి.

కావున మా నిశ్చయమిది: కారు పొదుపు కాదు, కాని ఈ ఖర్చు పెట్టదగినది. ఖర్చని తెలిసి పెట్టునప్పుడు, పని నెరవేర్చు వానిలో మిక్కిలి చిన్నదానినే తీసికొనవలెను. అమ్మాయి డిపాజిటు ముట్టరాదు.

మా మరిది చెప్పిన కారు సుమారు పన్నెండు లక్షలు. మా రెండున్నర లక్షలు పోగా అప్పు తొమ్మిదిన్నర లక్షలు. అదే వడ్డీకి నెలకు 19,720. లీటరుకు 12 కిలోమీటర్లయిన 45 లీటర్లు, 4,950. బీమా, సర్వీసులకు 3,500. మొత్తము 28,000 దాటును. పెండ్లిండ్లు ఏడాదికి అయిదో ఆరో. తక్కిన మున్నూట యరువది దినములు ఆ కారులో ఇద్దరమో ముగ్గురమో కూర్చుందుము. ఆరు దినముల పరువునకై ఏడాదియంతయు కట్టవలెనా?

పరువు మాట వచ్చినది గనుక రెండు పాత సంగతులు చెప్పుదుము. 1983 డిసెంబరులో మారుతి 800 మన దేశమున రోడ్డెక్కినది. 796 సీసీల చిన్న యంత్రము, మూడు సిలిండర్లు. అంతకుముందు మధ్యతరగతి వారు కారన్న అంబాసిడరును, ప్రీమియర్ పద్మినిని దూరమునుండి చూచువారు. ఈ చిన్న కారు వచ్చిన పిమ్మట ఉపాధ్యాయుని, గుమాస్తాను కూడ కారు యజమానిని చేసినది. 2014 జనవరిలో దాని తయారీ ఆగువరకు ముప్పదియేండ్లు నడచినది. ఆనాడు దానిని చిన్నదని వెక్కిరించినవారు లేరు.

రెండవ కథ టాటా నానోది. వానలో ఒక్క స్కూటరుపై భార్యాబిడ్డలతో పోవు కుటుంబమును చూచి, వారికి తగిన కారు చేయవలెనని రతన్ టాటా సంకల్పించెను. 2008 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనమున దానిని చూపిరి. 2009 లో లక్ష రూపాయల కారను పేరుతో అమ్మకమునకు వచ్చినది. వెనుకవైపున 624 సీసీల రెండు సిలిండర్ల యంత్రము. ఆ కథ చదివినప్పుడు మా స్కూటరే మాకు కనబడినది. అయినను అది నిలువలేదు. 2018 లో తయారీ ఆగినది. 'అన్నిటికంటె చౌక' అను పేరే దానికి చేటు తెచ్చినదని టాటాయే పిమ్మట ఒప్పుకొనెను. కారు కొనువారు బండిని మాత్రమే కొనరు, నలుగురి చూపును కూడ కొందురు. మా మరిది చెప్పినదియు అదియే. అతనిని తప్పుపట్టము, కాని ఆ చూపునకు నెలనెల పదునారువేలకు పైగా కట్టవలెనని లెక్క వేసి చూపగా అతడే నవ్వి యూరకుండెను.

మా మూడు నెలల నిరీక్షణము నడుమ ఒక మేలు జరిగినది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జీఎస్టీ తగ్గించిరి. నాలుగు మీటర్లకు మించని పొడవు, 1,200 సీసీలకు మించని పెట్రోలు యంత్రము గలవానికి అంతకుముందు పన్ను 28, దానిపై సెస్సు 1, మొత్తము నూటికి 29, అటుపిమ్మట 18. పన్ను లేని ధర నాలుగు లక్షలనుకొన్నచో, మునుపు 5,16,000 అయినది ఇప్పుడు 4,72,000. అనగా 44,000 మిగులు. ఓపిక పట్టుటవలన ఇంతటి లాభము మాకెన్నడును కలుగలేదు! దీనిపై రాష్ట్రమువారి జీవితపన్ను, రిజిస్ట్రేషను, బీమా చేరును గనుక ప్రకటనలోని ధరను నమ్మి సొమ్ము సిద్ధము చేసికొనరాదు; రోడ్డెక్కునాటి ధరనే అడుగవలెను.

ఇక మైలేజి సంగతి. ప్రకటనలలో లీటరుకు 24, 25 కిలోమీటర్లని చూచి మేమును మోసపోబోయితిమి. ఆ యంకె అబద్ధము కాదు. పరీక్షాశాలలో, తిరుగు దిమ్మెలమీద చక్రములు నడిపి, ఏసీ లేకుండ, నిర్ణీతమైన వేగములతో కొలిచినది. మన రోడ్డుమీద గేదెలు, గుంతలు, రైల్వే గేటు, మే నెల యెండ కలవు. కావున ఆ యంకెలో నాలుగవ వంతు తీసివేసి లెక్క వేసికొనుట క్షేమము. మరియొక సంగతి. 2023 నుండి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు కలిపి అమ్ముట మొదలయినది. ఇథనాలులో పెట్రోలుకంటె శక్తి సుమారు మూడవవంతు తక్కువ. అందువలన లీటరుకు వచ్చు దూరము కొంత తగ్గుట సహజము.

మైలేజిని గూర్చి మా వారు చెప్పిన చిన్న గణితము మాకు మిక్కిలి నచ్చినది. నెలకు 540 కిలోమీటర్లు పోవుటకు లీటరుకు 10 వచ్చు కారు 54 లీటర్లు త్రాగును. 15 వచ్చునది 36. మిగులు 18 లీటర్లు. అదేవిధముగ 20 వచ్చునది 27 లీటర్లు. 25 వచ్చునది 21.6. రెండుచోట్లను ఎక్కువ అయిదేగాని, రెండవచోట మిగులు అయిదున్నర లీటర్లయినను లేదు. కావున పెద్ద బండినుండి చిన్న బండికి వచ్చుటలో గొప్ప లాభము కలదు. రెండు చిన్న బండ్ల నడుమ ఒకటి రెండు కిలోమీటర్ల మైలేజికై ముప్పదివేలు ఎక్కువ పెట్టుటలో లేదు.

సీఎన్‌జీ కారు కొనుమని కొందరు చెప్పిరి. మాకు చెప్పిన ధరలో దానికి 95,000 ఎక్కువ. కిలోకు 25 కిలోమీటర్లు, కిలో 95 రూపాయలనుకొన్నచో మాకు నెలకు మిగులునది సుమారు 1,250. పెట్టిన సొమ్ము తిరిగి వచ్చుటకు ఆరేండ్లు దాటును. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగువారికి రెండేండ్ల మూడు నెలలకే వచ్చును; వారికది మంచిది. మరియు ఆ సిలిండరు డిక్కీలో చోటు తినివేయును. మాకు అక్కడ అత్తగారి నడకకర్రల చట్రము పెట్టవలెను. విద్యుత్ కారు విషయమునను మా లెక్క ఇట్లే తేలినది: తక్కువ తిరుగువారికి ఎక్కువ ధర తీరుట ఆలస్యము.

పొదుపు అను మాట ఒకచోట మాత్రము ఆగవలెను. అది ప్రాణరక్షణ. 2014 లో మన దేశపు చిన్న కార్లను అయిదింటిని గోడకు కొట్టించి పరీక్షింపగా పెద్దల రక్షణ విషయమున ఒక్కదానికిని ఒక్క నక్షత్రమైన రాలేదు. ఆ పరీక్షలు జరిపినది గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ. పిమ్మట నిబంధనలు మారినవి. 2019 జూలై నుండి నడుపువారికి ఎయిర్‌బ్యాగు తప్పనిసరియైనది, తరువాత ప్రక్కవారికిని. 2023 అక్టోబరు 1 నుండి మన దేశముననే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయినవి. మాకు తెలిసినవారొకరు పదేండ్ల నాటి కారును లక్షన్నరకే ఇచ్చెదమనిరి. ధర చూడగా నోరూరినది. అందు ఎయిర్‌బ్యాగు ఒక్కటియు లేదు. విరిగిన మణికట్టును ఆరువారములు చూచిన కన్నులతో ఆ బేరము మేము చేయలేకపోతిమి. పాత కారు కొనరాదనుట లేదు. కొన్నచో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు గలదానినే చూడుడని మా మనవి. వెనుక కూర్చున్నవారును బెల్టు కట్టుకొనవలెను. మా అత్తగారు మొదట "ఇదేమి కట్టివేత" అనిరిగాని ఇప్పుడు మాకే గుర్తుచేయుచున్నారు.

ఏ కారో నిర్ణయించినది మా అత్తగారి మోకాళ్ళు. ఒక యాదివారము ఆమెను షోరూములకు తీసికొనిపోయి అయిదు కార్లలో కూర్చుండబెట్టితిమి. అందమైన దానిలో సీటు మరీ క్రిందుగా నున్నది. దిగుటకు ఇద్దరు పట్టుకొనవలసివచ్చినది. ఎత్తయిన పెద్దదానిలోనికి కాలెత్తి ఎక్కలేకపోయిరి. పెట్టెవలె నిట్టనిలువుగా నున్న చిన్నదానిలో కుర్చీపై కూర్చున్నట్లు కూర్చుండి, తామే దిగిరి. "ఇది మన వీధియరుగంత యెత్తు" అనిరి. దాని యంత్రము 1,000 సీసీలకు లోపు. 2022 జూన్ నుండి అమలైన పట్టికలో, క్రొత్త కారునకు మూడేండ్లకు ఒకేమారు కట్టవలసిన థర్డ్ పార్టీ బీమా ఆ తరగతికి 6,521 రూపాయలు. 1,000 దాటి 1,500 సీసీల వరకు 10,640. దాని పేరు వ్రాయము; వ్రాసిన ప్రకటన యగును. మీ యింటి మోకాళ్ళు మీకే కారు చెప్పునో మాకు తెలియదుగదా!

షోరూములో ఒక చిన్న సంగతి. అమ్మునతడు ప్రతి మాటయు మా వారివైపు తిరిగి చెప్పుచుండెను. "మేడముగారికి రంగు చూపించండి" అని మమ్ము ప్రక్కకు పంపజూచెను. మేము నోటుపుస్తకము తెరచి, ధరపట్టికను వరుసవరుసగా అడిగితిమి. చాపలు, పూతలు, కవర్లు, అదనపు వారంటీ – అడుగకుండనే 38,000 రూపాయలు చేర్చియున్నవి. మాకు కావలసినది రబ్బరు చాపలు మాత్రమేయని తక్కినవి కొట్టివేయించితిమి. కోటేషను కాగితముమీద వ్రాయించుకొనకుండ ఏ షోరూమునుండియు బయటకు రావలదు.

అప్పు విషయమున బ్యాంకువారు ఏడేండ్ల గడువు ఇచ్చెదమనిరి. నెలకు 4,827 మాత్రమే. తక్కువగా తోచినదికాని, అయిదేండ్లకు మొత్తము వడ్డీ సుమారు 73,650, ఏడేండ్లకు 1,05,400. ఆ యెక్కువ ముప్పదిరెండువేలు నిదానముగా కట్టినందుకు శిక్ష. అయిదేండ్లకే సంతకము చేసితిమి.

మా వారికి రాత్రివేళ ఎదుటి దీపముల వెలుతురు కంటికి సరిపడదు. కావున మేమే నడుపుట నేర్చితిమి. నలుబదియెనిమిదేండ్ల వయసున క్లచ్చి తొక్కుట నేర్చుకొనుచుండగా వీధిలో పిల్లలు అరుగులెక్కి చూచిరి. లెర్నరు లైసెన్సు ఆరు నెలలు చెల్లును. ముప్పది దినములు గడచిన పిమ్మట పరీక్షకు పోవచ్చును. మొదటి పరీక్షలో వెనుకకు నడుపునప్పుడు గుంజ తగిలి తప్పితిమి. రెండవమారు నెగ్గితిమి. ఇంటిలో పొయ్యి సెగను తగ్గించుట, పెంచుట తెలిసిన చేతికి కారును పొదుపుగా నడుపుట కష్టము కాదు. ఒక్కమారు గట్టిగ తొక్కి, వెంటనే బ్రేకు వేయుట – పాలు పొంగించి నీళ్ళు చల్లుటవంటిది. టైర్లలో గాలి పదునైదు దినములకొకమారు చూపింపవలెను. గాలి తగ్గిన పెట్రోలు ఎక్కువ త్రాగును. గేటు వద్ద ఆగినప్పుడు యంత్రము ఆపవలెను. నిలిచియున్న బండి ఎంత చిన్నదైనను దాని మైలేజి సున్న.

నవంబరు చివర కారు ఇంటికి వచ్చినది. డిసెంబరులో ఒకనాటి యుదయమున అత్తగారిని ముందు సీటులో కూర్చుండబెట్టి, బెల్టు కట్టి, ముప్పది నలుబది వేగముతో కొల్లిపర దారిని పట్టితిమి. బస్సు ఆగు చోటు దాటి కాలువ గట్టెక్కునప్పుడు మా చేతులు వణకినవి. ఒకవైపు కాలువ, ఒకవైపు మినుము చేలు. నడుమ ఎద్దుబండి దారి. పెద్ద కారయినచో గట్టు మొదటనే ఆపవలసినది. చిన్నది మెల్లగా పోయి పిన్నత్తగారి వాకిట ఆగినది. ఆమె కర్ర పట్టుకొని వచ్చి, కారుచుట్టు ఒకమారు చూచి, "అక్కా, ఇంతేనా మీ కారు? మా గేదెల కొట్టములో పట్టునే!" అనిరి. అత్తగారు తలుపు తామే తెరచికొని దిగి, "పట్టును గనుకనే నీ గుమ్మములోనికి వచ్చినది" అనిరి. అయిదు నెలల పిమ్మట ఇద్దరును ఒకే మంచముమీద కూర్చుండి, ఎవరి చేతి ఎముక ఎట్లతికినదో ఒకరొకరు తడిమి చూచుకొనిరి. మేము లోనికి పోయి కాఫీ పెట్టితిమి.

నోటుపుస్తకము ఇంకను నడచుచున్నది. మా రోడ్లమీద లీటరుకు పదునేడున్నర వచ్చుచున్నది. అనుకొన్నదానికంటె అర తక్కువ. ఖర్చు మేము వేసిన 11,500 కు అటునిటుగానే యున్నది. దానికై పండుగ బట్టలలోను, మా బంగారపు చీటీలోను కొంత తగ్గించుకొంటిమి, తగ్గలేదనిన అబద్ధమగును. అమ్మాయి డిపాజిటు బ్యాంకులో నట్లేయున్నది.

మీ యింటను కారు మాట వచ్చినప్పుడు, షోరూమునకు పోవుటకు ముందు ఒక నోటుపుస్తకము తెరువుడు. పోయిన ప్రయాణములు ఒకవైపు, పోలేనివి వేరొకవైపు మూడు నెలలు వ్రాయుడు. రెండవవైపు ఖాళీగా నున్నచో కారు కొనకుడు. బాడుగ బండి, రైలు, బస్సు చాలును, మిగిలిన సొమ్ము పిల్లలకగును. అది నిండినచో, ఎవరి పేరుతో నిండినదో చూచి, వారిని తీసికొనిపోయి కారులో కూర్చుండబెట్టి కొనుడు. మా పుస్తకములో రెండవవైపున ఈ నెల ఒకే వ్రాత కలదు. అది మేము బద్ధకించి పోనిది. దానికి కారుపై నేరము మోపము.